గుడ్డు పెంకులో కిటికీ: మూలికలూ, నెత్తుటి తీగలూ – ఒక సింహావలోకనం

బడి పలక నల్లగా నిగనిగలాడాలంటే గాయపాకూ బొగ్గుముక్కా కలిపి రుద్దేవాళ్ళం. ఆటలో పడి మోకాలు చీరుకుపోతే అదే ఆకును అరచేతిలో నలిపి పసరు పిండేవాళ్ళం. పలకాకు, నల్లాలం, గడ్డిచామంతి అని ఊరికో పేరున్న ఆ మొక్క మన నేలన పుట్టింది కాదు. ఉష్ణమండల అమెరికాలో పుట్టి సముద్రాలు దాటి వచ్చి మన గట్ల మీద స్థిరపడింది. చరకుడికీ సుశ్రుతుడికీ దాని పేరే తెలియదు. అయినా పల్లెజనం దాని గుణం కనిపెట్టి, దానికి గాయం పేరే పెట్టుకున్నారు. పసరు పడ్డ గాయం మూడు నాలుగు రోజులకు అడుగున ఎర్రగా, సన్నటి రవ్వ పోసినట్టు పూడుకొస్తుంది. ఆ ఎరుపంతా కొత్తగా మొలిచిన రక్తనాళాలదే. వెంట్రుకకన్నా ఎంతో సన్నని ఆ నాళాలు చుట్టూ ఉన్న మంచి కండ నుంచి కొమ్మలేసి గాయంలోకి పాకితేనే చర్మం అతుక్కుంటుంది. ఇలా పాత నాళం నుంచి కొత్త నాళం చిగురించడాన్ని వైద్యులు యాంజియోజెనెసిస్ అంటారు. ఈ చిగురింతను ఫలానా ఆకు పెంచుతుందా, ఆపుతుందా అని పరీక్షించి చూడడం ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో దాదాపు రోజువారీ పని. ఆ పరీక్షకు ఆకులు మన పెరట్లోనే ఉన్నాయి గానీ, చూసే కిటికీ మాత్రం చాలా చేతులు మారి, చాలా దూరం తిరిగి మన బల్ల మీదికి వచ్చింది.

గాయం సంగతి మన పూర్వులకు బాగా తెలుసు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానం మొదటి అధ్యాయంలోనే వ్రణానికి 60 ఉపక్రమాలు చెప్పారు. పుండును కడిగి శుభ్రపరిచేది శోధనం, పూడ్చేది రోపణం. రెండింటికీ వేర్వేరు మూలికలు, వేర్వేరు కల్కాలు, వేర్వేరు నూనెలు. మానుతున్న పుండు అంచులు పావురం రంగు తేలి, రసి కారకుండా గట్టిపడతాయని గుర్తు కూడా చెప్పారు. ప్రతిరోజూ కట్టు విప్పి చూసినవాడు తప్ప ఆ పావురం రంగును పట్టుకోలేడు. పెరగకూడనిచోట పెరిగే కండను అర్బుదమన్నారు, అందులో రక్తార్బుదమని ఒక భేదం చేశారు. అంటే పూడ్చే విద్యా, అణిచే విద్యా రెండూ ఒకే వైద్యుడి సంచీలో ఉండేవి. తెలుగునాట బసవరాజీయం వంటి గ్రంథాలు ఆ సంచీని మన భాషలోకీ మన వనమూలికల్లోకీ దించాయి. అయితే, ఆకు వేస్తే గాయం మానిందన్నది వాళ్ళు కంటితో చూసిన సత్యం. మానుతున్నప్పుడు లోపల ఏం జరుగుతోందో చూసే సాధనం వాళ్ళకు లేదు. లేనిదాన్ని ఉందని చెప్పుకోవడం ఈమధ్య మనకొక అలవాటైంది గానీ, పావురం రంగును గుర్తుపట్టిన ఆ కళ్ళకు మన గొప్పల అవసరం లేదు.

కంటికి కనిపించే మరో దారి కోడిగుడ్డులో తెరుచుకుంది. గ్రీసు దేశంలో అరిస్టాటిల్ పొదుగుతున్న గుడ్లను రోజుకొకటి చొప్పున పగలగొట్టి, మూడో రోజుకల్లా తెల్లసొనలో చిన్న నెత్తుటి చుక్క ఎగిసెగిసి కొట్టుకోవడం చూశాడు. రెండువేల ఏళ్ళ దాకా ఆ చుక్క ఒక వింతగానే ఉండిపోయింది. 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే రక్తం గుండె నుంచి బయల్దేరి మళ్ళీ గుండెకే చేరుతుందని లెక్క కట్టి చూపాడు. కానీ ధమనుల చివరా సిరల మొదలూ ఎక్కడ కలుస్తాయో ఆయనకు కనిపించలేదు. ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1661లో, ఇటలీలో మార్సెల్లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆ కలిపే సన్నని కేశనాళికలను చూశాడు. అదే మాల్పీగీ 1673లో గుడ్డులోని పిండం రోజురోజుకూ ఎలా మారుతుందో బొమ్మలు గీశాడు. సొన మీద వలలా పరుచుకున్న నాళాలు ఆ బొమ్మల్లో ఉన్నాయి. ఇవాళ మూలికను పరీక్షించే విద్యార్థి కంటికి కనిపించేదీ దాదాపు ఆ వలే.

నాళాలు ఎదిగిన వాళ్ళలోనూ అవసరాన్నిబట్టి పెరుగుతాయని తేల్చిన ఘనత స్కాట్లండులో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ శస్త్రవైద్యుడు జాన్ హంటర్‌ది. 1785లో రిచ్మండ్ పార్కులోని ఒక మగదుప్పిని పట్టించి, మెడలో ఒక పక్క ధమనిని తాడుతో బిగించాడు. ఆ పక్క కొత్త కొమ్ము చల్లబడింది. ఇక కొమ్ము రాలిపోతుందనుకుంటే, వారం పది రోజులకు అది మళ్ళీ వెచ్చబడి పెరగడం మొదలెట్టింది. తాడు ఊడిందేమోనని చూస్తే బిగించిన ధమని బిగించినట్టే ఉంది. చుట్టుపక్కల ఉన్న సన్నని నాళాలు లావెక్కి పక్కదారిన రక్తాన్ని మోసుకెళ్తున్నాయి. పొలంలో బోదె పూడిపోతే నీళ్ళు పక్క గట్టు తెంచుకుని పారడం చూసిన రైతుకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు గానీ, ఒంట్లో నెత్తురూ అలా దారి చేసుకుంటుందని ఆధారంతో చెప్పడానికి ఒక దుప్పి కావలసి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన గోదావరి సీమలో మరో స్కాట్లండు వైద్యుడు ఆకులు ఏరుతున్నాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781 ప్రాంతంలో సామర్లకోట చేరిన విలియం రాక్స్‌బరో, కోస్తా మొక్కలను ఇక్కడి చిత్రకారుల చేత ఉన్నదున్నట్టు గీయించాడు. వాటికి లాటిన్ పేర్లతోబాటు తెలుగువాళ్ళు పిలిచే పేర్లనూ రాసుకున్నాడు. 1795 నుంచి భాగాలుగా అచ్చయిన ఆయన కోరమండల్ తీర వృక్షాల గ్రంథంలో, మన చేలగట్ల మీది పేర్లు లండన్ అచ్చు అక్షరాల్లో కనిపిస్తాయి. ఏ మొక్కను పరీక్షించినా ఆ మొక్కే అని రుజువుండాలన్నది నేటి నియమం. తిప్పతీగ పేరు చెప్పి మరో తీగ నూరితే పరీక్షంతా వృథా. ఆ రుజువుకు పునాది వేసిన వాళ్ళలో రాక్స్‌బరోది ముందు వరస. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. ఆయన దిగిపోయాక కొద్దికాలం ఆ కుర్చీలో కూర్చున్న ఫ్రాన్సిస్ బుకానన్‌తో మనకు చివర్లో పని ఉంది. అప్పటిదాకా ఆయన్ని కుర్చీలోనే ఉండనిద్దాం.

పందొమ్మిదో శతాబ్దం మొక్కల నుంచి మందు పదార్థాన్ని విడదీసి సీసాలో పెట్టడం నేర్చింది. నల్లమందు నుంచి మార్ఫిన్, సింకోనా బెరడు నుంచి క్వినైన్ అలా వచ్చినవే. నాళాల కథలో మాత్రం ఆ వందేళ్ళకు పెద్దగా చెప్పుకోవలసింది లేదు. 1911లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్, జేమ్స్ మర్ఫీ కోడికి వచ్చిన కంతి ముక్కను పొదుగుతున్న గుడ్డు లోపలి పొర మీద నాటారు, అది అక్కడ చక్కగా పెరిగింది. పిండం ఊపిరి పీల్చే ఆ పొర పేరు కోరియో అల్లాంటోయిక్ పొర. ప్రయోగశాలల్లో ముద్దుగా క్యామ్ అని పిలుస్తారు. 1931లో ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్, ఆలిస్ వుడ్రఫ్ దాని మీద కోళ్ళ మశూచి వైరస్‌ను పెంచాక, గుడ్డు వైద్యపరిశోధనకు చవకైన పాత్ర అయిపోయింది. మరోపక్క 1924లో శాండిసన్ కుందేలు చెవిలో అద్దాల కిటికీ బిగించి, బతికున్న జంతువులో నాళాలు పాకడాన్ని రోజుల తరబడి చూసే పద్ధతి తెచ్చారు. 1939లో ఆ కిటికీలోంచే గోర్డన్ ఐడ్ బృందం, కంతి నాటితే చుట్టూ నాళాలు ఎగబడి వస్తాయని గమనించింది. కంతి ఏదో పంపుతోందని, దాన్ని అందుకుని నాళాలు వస్తున్నాయని అనుమానం అప్పుడే మొలిచింది. అది కార్యరూపం దాల్చడానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది.

ఆ ముప్పై ఏళ్ళ మధ్యలో ఒక తెలుగువాడి జాడ ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివాక ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పారు. అన్నదమ్ములను పొట్టనబెట్టుకున్న స్ప్రూ వ్యాధి తననూ పట్టుకుంటే, లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతోనే ఆయన కోలుకున్నారు. బోస్టన్ చేరి, ఆ తర్వాత లెడర్లే ప్రయోగశాలల్లో ఫోలిక్ యాసిడ్‌నూ దానికి విరుగుళ్ళనూ తయారు చేయించారు. ఆ విరుగుళ్ళలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ వచ్చిన పసివాళ్ళకిచ్చి, 1948లో తొలిసారిగా ఆ జబ్బును కొన్నాళ్ళు వెనక్కి తగ్గించగలిగారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. సుబ్బారావు మూలికలను గుడ్డులో పరీక్షించలేదు. ఆ మాట చెప్పి ఆయనకు లేని కిరీటం పెట్టను. కానీ ఒంటికి అవసరమైన దాన్ని ఆపితే కేన్సర్ ఆకలికి మాడుతుందన్న ఆలోచన మొట్టమొదట పండింది ఆ ఆసుపత్రిలోనే. అక్కడికే 1967లో ముప్పై నాలుగేళ్ళ శస్త్రవైద్యుడొకరు శస్త్రచికిత్సా విభాగానికి అధిపతిగా వచ్చారు. ఆయన ఆపదలచుకున్నది విటమిన్‌ను కాదు, నెత్తురునే.

ఆయనే జూడా ఫోక్‌మన్. అంతకుముందు నౌకాదళంలో పనిచేసేటప్పుడు ఫ్రెడరిక్ బెకర్‌తో కలిసి, కుందేలు థైరాయిడ్ గ్రంథిని బయటికి తీసి గాజుపాత్రలో బతికించి, దానిలో కంతికణాలను నాటారు. అవి గుండుసూది తలంత పెరిగి ఆగిపోయాయి. చచ్చాయేమోనని తీసి ఎలుకలో నాటితే విజృంభించాయి. తేడా ఒక్కటే: ఎలుకలో నాళాలు వచ్చి అల్లుకున్నాయి, గాజుపాత్రలో రాలేదు. 1971లో ఆయన న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో, నాళాలు రాకుండా చేస్తే కంతి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటదని ప్రతిపాదించారు. పదేళ్ళ పాటు ఆ మాటను నమ్మినవాళ్ళకన్నా నవ్వినవాళ్ళే ఎక్కువ. ఆ పదేళ్ళలో ఆయనా ఆయన తోటివాళ్ళూ వాదనలు చాలించి కొలమానాలు తయారు చేశారు. నాళాలే లేని కుందేలు కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో చిన్న జేబు చేసి అందులో పదార్థం పెడితే, అక్కడికి పాకిన ప్రతి నాళమూ కొత్తదే. 1974 కల్లా ఆ పరీక్ష స్థిరపడింది. అదే కాలంలో విస్కాన్సిన్‌లో రాబర్ట్ అవర్‌బాక్ గుడ్డు పిండాన్ని పెంకులోంచి గాజు పళ్ళెంలోకి దించి పెంచే పద్ధతి చూపారు. 1973లో మనిషి బొడ్డుతాడు సిర నుంచి నాళపు లోపొర కణాలను తీసి పెంచడం సాధ్యమైంది. 1983లో హెరాల్డ్ డ్వోరాక్ ప్రయోగశాలలో, 1989లో నెపోలియోన్ ఫెరారా చేతిలో, కంతి పంపే కబురు కూడా దొరికింది. వీఈజీఎఫ్ అనే ఆ ప్రోటీన్ పేరు వైద్యులకిప్పుడు నోటి మాట.

ఈ కొలమానాల్లో పేద ప్రయోగశాలకు అందుబాటులో ఉండేది గుడ్డే కాబట్టి, దాని దగ్గర కాసేపు ఆగి చూద్దాం. కిరాణా కొట్లో గుడ్డు పనికిరాదు, అందులో ప్రాణం ఉండదు. హేచరీకి వెళ్ళి పుంజుతో కలిసిన కోడి గుడ్లు తేవాలి. 37 డిగ్రీల వెచ్చదనంలో, గాలిలో తడి తగ్గకుండా పొదిగిస్తారు. మూడో రోజున సూది గుచ్చి రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేస్తే లోపలి పొర పెంకు నుంచి విడి కిందికి దిగుతుంది. అప్పుడు పై పెంకులో చిన్న చతురస్రం కోసి, పారదర్శకమైన టేపు అతికించి మళ్ళీ పొదగడానికి పెడతారు. నాలుగైదు రోజులు గడిచాక టేపు తీసి చూస్తే అద్దం మీద ఎర్ర సిరాతో గీసిన ముగ్గులా నాళాలు పరుచుకుని ఉంటాయి. మధ్యలో ఎక్కడో పిండం గుండె టపటపలాడుతుంటుంది. ఆకు సారంలో తడిపి ఆరబెట్టిన చిన్న వడపోత కాగితపు బిళ్ళను పట్టకారుతో ఆ ముగ్గు మీద వదులుతారు. పక్క గుడ్డులో సారం లేని, ఉత్త ద్రావణి తగిలిన బిళ్ళ. రెండు మూడు రోజులకు సూక్ష్మదర్శిని కింద చూడాలి. బిళ్ళ చుట్టూ నాళాలు బండిచక్రం ఆకుల్లా కేంద్రానికి దూసుకొస్తే ఆ సారం నాళాన్ని పిలుస్తోందన్నమాట. బిళ్ళ చుట్టూ పొర పాలిపోయి, నాళాలు పక్కకు ఒదిగిపోతే ఆపుతోందన్నమాట. చక్రం కమ్మీనీ చెట్టు పత్రాన్నీ ఒకే మాటతో పిలిచే భాష మనది. మొదటిసారి ఆ దృశ్యం చూసినప్పుడు నాకు తట్టింది అదే.

1990ల్లో ఈ బిళ్ళల మీదికి మొక్కలు వరసకట్టాయి. దారి చూపింది మాత్రం మొక్క కాదు, బూజు. ఫోక్‌మన్ ప్రయోగశాలలో డోనాల్డ్ ఇంగ్బర్ పెంచుతున్న కణాల పళ్ళెంలోకి పొరపాటున బూజు చేరితే, దాని దగ్గరి నాళకణాలు గుండ్రంగా ముడుచుకున్నాయి. ఇంకొకరైతే ఆ పళ్ళెం పారేసేవారు. ఆ బూజులో ఉన్న ఫ్యూమాజిలిన్ నుంచి 1990లో టీఎన్‌పీ–470 అనే మందు రూపం తెచ్చారు. 1993లో జర్మనీలో థియోడోర్ ఫోట్సిస్ బృందం సోయా ఎక్కువ తినేవాళ్ళ మూత్రంలో జెనిస్టీన్‌ను పట్టుకుని, అది నాళకణాలను అడ్డుతుందని చూపింది. 1998లో జాక్ ఆర్బైజర్ తోటివారితో కలిసి ఎలుక కంటిపొరలో పసుపులోని కర్కుమిన్‌ను పరీక్షించారు. 1999లో స్టాక్‌హోంలో యిహాయ్ కావ్, గ్రీన్ టీ తాగిన ఎలుకల కంట్లో కొత్త నాళాలు తగ్గాయని నేచర్ పత్రికలో ప్రకటించారు. మన ముంగిట పూసే బిళ్ళగన్నేరుది ఇంకా చిత్రమైన ప్రయాణం. జమైకాలో చక్కెర జబ్బుకు వాడే ఆకని 1950ల్లో కెనడాకు చేరితే, చక్కెర తగ్గలేదు గానీ తెల్లకణాలు పడిపోయాయి. అలా రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. కేన్సర్ కణాలను చంపే మందుగా నలభై ఏళ్ళు వాడాక, 1999లో ఇటలీలో ఏంజెలో వక్కా బృందం అతి తక్కువ మోతాదులో దాన్ని గుడ్డు పొర మీద పెట్టి చూసింది. కణాలు చావకుండానే నాళాలు ఆగాయి. పాతమందుకు కొత్త పని దొరికింది.

ఇంకో మొక్క గురించి చెప్పకుండా ముందుకు పోలేను. దక్షిణాఫ్రికా ఏటిగట్ల మీద పెరిగే కాంబ్రెటం కాఫ్రం అనే చెట్టు బెరడు నుంచి జార్జ్ పెటిట్ బృందం 1980ల్లో కాంబ్రెటాస్టాటిన్లను వేరుచేసింది. ఇవి కొత్త నాళాలను మొలవకుండా ఆపడం కన్నా, కంతిలో అప్పటికే ఉన్న నాళాలను కూల్చేస్తాయి. మనుషుల మీద పరీక్షలు ఏళ్ళతరబడి సాగాయి గానీ మందుగా ఆమోదం దాకా రాలేదు. అయినా దాని వంశం చూడండి. మన కరక్కాయ, తానికాయ, గుండెకు మంచిదని బెరడు కాచి తాగే తెల్లమద్ది, అన్నీ ఆ కుటుంబానివే. 2012లో అమెరికాలోని ఒహాయోలో సుజిత్ బసు బృందం త్రిఫలనూ, కరక్కాయలోని చెబులినిక్ ఆమ్లాన్నీ పరీక్షించి, వీఈజీఎఫ్ పంపే కబురుకు అవి అడ్డుపడతాయని రాసింది.

మన దేశంలో ఈ పని పెద్ద సంస్థల్లోకన్నా చిన్న బల్లల మీదే ఎక్కువ సాగింది. 1999లో లక్నో శాస్త్రజ్ఞులు సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్‌ను గుడ్డుపొర మీద పెడితే నాళాలు పెరిగాయని చూపారు. వ్రణరోపణానికి ఆ ఆకును వాడిన వైద్యుల హస్తవాసికి అది ఒక సాక్ష్యం. త్రిస్సూరులోని అమల కేన్సర్ పరిశోధన కేంద్రంలో గిరిజా కుట్టన్ బృందం తిప్పతీగ, పిప్పళ్ళ సారాలు ఎలుకల్లో కంతి చుట్టూ నాళాలను తగ్గిస్తాయని 2000ల్లో వరసగా రాసింది. మైసూరు విశ్వవిద్యాలయంలో భారతీ సాలిమఠ్ బృందం కర్కుమిన్‌తో మొదలుపెట్టి తిప్పతీగలోని ఆక్టకోసనాల్ దాకా వెళ్ళింది. అమెరికాలో రాయిస్ మోహన్, పెన్నేరుగడ్డలోని విథాఫెరిన్–ఎ నాళకణాలను గట్టిగా అడ్డుకుంటుందని 2004లో చూపి, 2007లో అది కణంలో వైమెంటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుందని తేల్చారు. పెన్నేరు అంటే బలమిచ్చే మందు అని మాత్రమే ఎరిగిన మనకు ఇది కొత్త ముఖం. మన హైదరాబాదు వాటా తార్నాకలో ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో ఇక్కడికి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో, జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం మధుమేహం తెప్పించిన ఎలుకల మేతలో అర శాతం పసుపు కలిపి ఎనిమిది వారాలు పెట్టింది. వాటి కంటి రెటీనాలో వీఈజీఎఫ్ పెరగకుండా ఆ పసుపు అదుపు చేసిందని 2007లో ప్రకటించింది. ఈ వరసలో నాకు బాగా నచ్చిన పరీక్ష ఇదే. సీసాలో సారం కాదు, వంటింటి పసుపు. సూది కాదు, మేత.

ఇంత వెలుగు చూశాక నీడ కూడా చూపాలి. మొక్క పేరు మార్చి, అదే గుడ్డు, అదే బిళ్ళ, అదే బొమ్మతో వచ్చే పరిశోధన పత్రాలకు అంతు లేదు. పెంకు కోసేటప్పుడు రాలిన పొడి పొర మీద పడినా వాపు వచ్చి నాళాలు ఎగబడతాయి. అది మూలిక మహిమ కాదు. కరక్కాయ జాతి సారాల్లో నిండా ఉండే వగరు పదార్థాలు దొరికిన ప్రోటీన్‌నల్లా పట్టేస్తాయి. తోలు ఊనినట్టు పొరను ఊనేసి, నాళాన్ని ఆపినట్టు కనిపిస్తాయి. ద్రావణిలో ఆల్కహాలు మిగిలినా, మోతాదు మితిమీరినా పిండమే చస్తుంది. చచ్చిన పిండంలో నాళాలు పెరగకపోవడం ఒక ఫలితం కాదు. వర్షాకాలంలో కోసిన ఆకుకూ ఎండాకాలపు ఆకుకూ గుణం ఒకటి కాదని మన వైద్యులు ఎప్పుడో చెప్పారు. వాళ్ళ వారసులమని చెప్పుకునే మనం, పచారీ కొట్లో పొడి కొని, నమూనా మొక్కను హెర్బేరియంలో దాచకుండానే పత్రం రాసేస్తున్నాం. ఇక గుడ్డు నుంచి మనిషికి దూరం మహా దూరం. 2017లో అమెరికాలో క్యాథ్రిన్ నెల్సన్, తోటి రసాయన శాస్త్రజ్ఞులు కర్కుమిన్ చరిత్రంతా తిరగేశారు. అది ఒంట్లో నిలవదు, రక్తంలోకి సరిగా చేరదు, పరీక్ష ఏదైనా దాన్ని తికమకపెట్టి పనిచేసినట్టు నటిస్తుంది. 120కి పైగా మానవ పరీక్షలు జరిగినా కట్టుదిట్టంగా చేసిన ఒక్కటీ నెగ్గలేదని రాశారు. పసుపును ప్రేమించే మనకిది చేదు మాటే. షార్కు చేప మృదులాస్థి కథ ఇంకా చేదు. 1983లో అందులో నాళాలను ఆపే గుణం ఉందని ఒక మంచి పరిశోధన వస్తే, 1992లో షార్కులకు కేన్సరే రాదంటూ ఒక పుస్తకం వచ్చి, మాత్రల వ్యాపారం లేచింది. షార్కులకు కంతులు వస్తాయి. మాత్రలు మింగినవాళ్ళ కంతులు తగ్గలేదు.

ఫోక్‌మన్ మాట చివరికి నిజమైంది గానీ, నిజం చేసింది ఆకు కాదు. 2004 ఫిబ్రవరిలో అమెరికా ఆమోదించిన బెవాసిజుమాబ్ ఒక ప్రతిరక్షకం. ఫెరారా పట్టుకున్న వీఈజీఎఫ్‌నే వెంటాడి పట్టేస్తుంది. పెద్దపేగు కేన్సర్‌కు వచ్చిన ఆ మందును 2005లో మయామీ కంటివైద్యుడు ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ కంట్లోకి సూదిమందుగా వాడి చూశారు. రెటీనా మీద చెడు నాళాలు మొలిచి చూపు పోయే జబ్బుల్లో అది దీపంలా పనిచేసింది. మధుమేహం ఇంటింటా ఉన్న మన రాష్ట్రాల్లో, నెలలు నిండకుండా పుట్టి కంటినాళాలు దారితప్పిన పసికందుల్లో, ఇవాళ కంటి ఆసుపత్రుల్లో పడే ఆ సూదిమందు వెనక దుప్పి కొమ్ము నుంచి కుందేలు కన్ను దాకా ఇంత చరిత్ర ఉందని కుర్చీలో కూర్చున్న రోగికి తెలియదు, తెలియనక్కరలేదు. 2008 జనవరిలో డెన్వర్ విమానాశ్రయంలో ఫోక్‌మన్ గుండె ఆగిపోయింది. అప్పటికి తన ఆలోచన మందై ఎందరి ఒంట్లోనో పనిచేయడం ఆయన చూశారు.

మూలికల పరీక్ష అక్కడితో ఆగలేదు, కిటికీ మారింది. కుర్చీలో వదిలేసి వచ్చిన ఫ్రాన్సిస్ బుకానన్ ఇప్పుడు లేవవచ్చు. రాక్స్‌బరో తర్వాత కలకత్తా ఉద్యానాన్ని చూసిన ఆ మనిషికి మొక్కలతోబాటు చేపల పిచ్చి కూడా ఉండేది. తర్వాత హామిల్టన్ పేరుతో 1822లో అచ్చువేసిన గంగానది చేపల పుస్తకంలో, చారలున్న ఒక బెత్తెడు కూడా లేని చేపపిల్లకు పేరు పెట్టాడు. దాన్నిప్పుడు జీబ్రాచేప అంటున్నారు. దాని పిండం గాజులా ఉంటుంది, లోపలి నాళాలన్నీ బయటికి కనిపిస్తాయి. 2002లో అమెరికాలో నాథన్ లాసన్, బ్రాంట్ వైన్‌స్టీన్ దాని నాళాలు ఆకుపచ్చగా వెలిగేలా జన్యువును మార్చారు. పెంకు కోయనక్కరలేదు, పొడి రాలదు, సొన లాగనక్కరలేదు. 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో గుంటకొకటి రెండు పిండాలు వేసి, గుంటగుంటకూ సారం మోతాదు మార్చి చుక్క వేస్తారు. గుడ్డు ఫలదీకరణమైన ఇరవై నాలుగు గంటలకు వెన్ను వెంబడి కండరపు కట్టల మధ్య నాళాలు ఒక్కొక్కటే పైకి చిగురిస్తాయి. రెండో రోజుకల్లా పైకి చేరి, పక్కదానితో చేయి కలిపి నిచ్చెన కడతాయి.

నీలికాంతి వేసి చూస్తే చీకట్లో ఆ ఆకుపచ్చ నిచ్చెన వెలుగుతుంది. సారం పడని గుంటలో మెట్లన్నీ ఉంటాయి. తక్కువ మోతాదు గుంటలో ఒకటో రెండో మెట్లు సగం దూరం ఎక్కి నిలబడిపోయి ఉంటాయి. చూస్తున్న అమ్మాయి నోటుబుక్కులో గీతలు గీసుకుంటూ లెక్కపెడుతుంది. ఎక్కువ మోతాదు గుంటలో మెట్లే లేవు. ఆమె వెంటనే ఆ సంగతి రాసుకోదు. ముందు మామూలు వెలుగు వేసి, చేపపిల్ల గుండె కొట్టుకుంటోందో లేదో చూస్తుంది.